వంపు పైకి

మా మేనత్తను ఇంట్లో అందరూ మొండత్త అంటారు. ఆ పేరు వింటే నాకు ఒళ్లు మంట. మా నాన్న చేస్తే పట్టుదల, అదే పని ఆయన అక్క చేస్తే మొండితనం. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాన్నది వడ్రంగి షాపు. ఆ షాపు వెనక గదిలో మా తాత లేత్ మిషన్ ఉండేది. కర్రను గిర్రున తిప్పుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుకునే ఇనప యంత్రం, గేదెంత బరువు. అత్త ఇరవై రెండేళ్లు దాని ముందు నిలబడి మంచం కోళ్లు, బల్ల కాళ్లు చెక్కింది. విరిగినవీ కుంగినవీ బాగుచెయ్యడమూ ఆమె పనే. పేరు మాత్రం షాపుది, అంటే నాన్నది. ఎవరైనా కోళ్ల నునుపు చూసి మెచ్చుకుంటే నాన్న మీసం సవరించుకునేవాడు. సవరించుకునే ముందు వెనక గది తలుపు దగ్గరగా వేసేవాడు.

తాత పోయేముందు మిషన్ కూతురికే అని చెప్పాడు. నాన్న కాదనలేదు, అలాగని కదలనివ్వనూ లేదు. సిమెంటు నేల మీద నిలబడీ నిలబడీ అత్త మోకాళ్లు అరిగిపోయాయి. యాభై మూడో ఏట ఒక ఉదయం ఉలి కింద పెట్టి, "మిషన్ మా ఇంటికి పట్టుకెళ్తున్నా. పెరట్లో షెడ్డు వేసుకుని, చెక్క నేల కట్టుకుంటా" అంది.

"చెక్క నేల మీద ఈ మిషనా? కూలుతుందక్కా."

"కూలదు."

"అసలు ఎవరు కడతారు?"

"నేనే."

నాన్న పడీ పడీ నవ్వాడు. నవ్వు అయ్యాక షాపులో పనివాళ్లందరి ముందూ ఒక షరతు పెట్టాడు. నేల అత్త ఒక్కతే కట్టాలి. మిషన్ దించాక నేల సమంగా ఉందో లేదో ఆయన రసమట్టం పెట్టి చూస్తాడు. కుంగినట్టు తేలితే మిషన్ తిరిగి షాపుకే, ఇక ఎవరూ ఆ ఊసెత్తకూడదు. తన సొంత సామాను కోసం తను పరీక్ష రాయడమేమిటని నేను గొంతు చించుకున్నాను.

"రాసి పాసైతే మళ్లీ ఎవడూ అడగడు కదే" అంది అత్త.

ఆ పెరడు పల్లం. వానొస్తే నీళ్లు ఆ గోడ నుంచి ఈ గోడకు పారతాయి. అందుకని అత్త రాతి దిమ్మెలు పాతి, వాటి మీద రెండు లావుపాటి దూలాలు వేసింది. దూలాల మీద తొమ్మిది అడ్డకర్రలు, ఆపైన పలకలు. మామయ్య సాయం రాబోతే వద్దంది. ఆయన బస్సు డ్రైవరు, అక్కాతమ్ముళ్ల మధ్య హారన్ కూడా కొట్టడు. బుద్ధిగా డ్యూటీకి వెళ్లిపోయాడు.

అడ్డకర్రను బిగించే ముందు అత్త దాని కొసను కంటిదాకా ఎత్తి, రెండో కన్ను మూసి, అంచు వెంబడి చూసేది. ఎంత తిన్నని కర్రకైనా కాస్తో కూస్తో వంపుంటుంది. ఉబ్బిన అంచు మీద సుద్దతో గీత గీసి, ఆ గీత పైకి వచ్చేలా మేకులు కొట్టేది. నాలుగో రోజు నాన్న వచ్చి, ఒక తిన్నని బద్దను అడ్డకర్ర పొడవునా ఆనించి చూశాడు.

"ఇదేంటక్కా, ఒంటె వీపు కట్టావు? ఇవన్నీ తిరగేసి బిగించు. లేదా చిత్రిక పట్టి ఉబ్బు తీసెయ్. నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ."

"నా మాట వినవేం? నేను పాతికేళ్లుగా..."

"పాతికేళ్లుగా నువ్వు చేసే మంచాలు ఏడాదికే ఎందుకు కుంగుతున్నాయో తెలుసా? పట్టెలు వంపు కిందికి పెట్టి బిగిస్తావు. మనిషి పడుకుంటే అది ఇంకా కిందికి పోతుంది. అదే వంపు పైకి ఉంటే బరువుకి తిన్ననవుతుంది. అవన్నీ విప్పి, తిరగేసి పంపింది నేను. నేను తిరగేసింది ఒక్కటైనా మళ్లీ వచ్చిందా?"

నాన్న మొహం మాడిపోయింది. "ఇన్నేళ్లూ చెప్పలేదేం మరి?"

"నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ టీ తెమ్మన్నావు."

ఆయన వెళ్లిపోయాక అత్త ఒక అడ్డకర్ర మీద కూలబడి అరచేతులు చూసుకుంది. "ఇది కూలిందనుకో, నేను మళ్లీ ఆ వెనక గదిలోకే పోవాలి. పోలేనే" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. లేచి మరో మేకు అందుకుంది.

గోడలింకా లేవకముందే మిషన్ వచ్చింది. ఆరుగురు కూలీలు తాళ్లు కట్టి, ఒక పక్కగా అత్త సుద్దతో గీసిన చోట దించారు. నేల కిర్రుమంది. నాన్న చెవి రిక్కించాడు. కిర్రు మరి రాలేదు. నాన్న వంగి మిషన్ ముందు పలకల మీద రసమట్టం పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ మధ్య గీతల దగ్గరకు వచ్చి, వెంట్రుకవాసి అవతలకు, మిషన్ లేని ఎత్తు వైపుకు జరిగి ఆగింది.

"చూశావా? మిషన్ వైపు కుంగింది" అన్నాడు.

"ఆగు. నేనింకా ఎక్కలేదు."

అత్త చెప్పులు విడిచి, నేల మీదికి ఎక్కి, ఇరవై రెండేళ్లుగా నిలబడిన తన చోట, మిషన్‌కు ఎదురుగా నిలబడింది. బుడగ మెల్లగా కదిలి సరిగ్గా రెండు గీతల మధ్యా నిలిచింది.

"ఒట్టి మిషన్‌కి కాదురా, నా బరువు కూడా కలిపి పెట్టిన వంపది" అంది.

నిజంగా అంత లెక్క వేసిందో, నోటికొచ్చింది అనేసిందో నేను ఇప్పటికీ అడగలేదు. నాన్న మాత్రం నమ్మాడు. రసమట్టాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి సంచీలో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ దూలం మీదున్న సుద్దముక్కను ఎవరూ చూడట్లేదనుకుని జేబులో వేసుకున్నాడు.

"అది నాది. అక్కడ పెట్టు" అంది అత్త, వెనక్కి తిరక్కుండానే. "వంపు చూడ్డం రావాలంటే రేపు రా, నేర్పిస్తా. వచ్చేటప్పుడు టీ పట్టుకురా."