కోదాడ దాకా దాచుకున్న కాళ్లు

సూర్యాపేటలో నాకొక బ్యూటీ పార్లర్ ఉంది. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు చీకటి పడేదాకా నిలబడి చేసే పని. ఎదుటివాళ్ల మొహం మీద మచ్చ కనిపిస్తే నోరు ఊరుకోదు. కూరగాయల బండి దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపి సన్‌స్క్రీన్ గురించి చెప్పి, తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. అలాంటి నా కాళ్ల మీదే, చీలమండ నుంచి పిక్క దాకా, ఎర్రగా నీలంగా సన్నటి నరాలు సాలెగూడులా అల్లుకున్నాయి. నేను చేసిందల్లా చీర ఇంకొంచెం కిందికి కట్టుకోవడం.

మిర్యాలగూడలో మా ఆడబిడ్డ గృహప్రవేశానికి వెళ్లినప్పుడు బయటపడింది. వచ్చిన ఆడవాళ్ల కాళ్లకు అత్తమ్మ పసుపు రాస్తోంది. నా వంతు వచ్చేసరికి ఆగిపోయి, కళ్లు చిట్లించి చూసింది.

"ఏంది బిడ్డా, కాలు మీద పెన్నుతోని గీసుకున్నవా?"

నేను జవాబు చెప్పేలోపే కొంగు తడిపి రుద్దడం మొదలుపెట్టింది. రుద్దినకొద్దీ కాలు ఎర్రబడింది కానీ గీతలు పోలేదు. పక్కన కూర్చున్న వాళ్లు వంగి చూశారు. ఒకామె నరాల బలహీనత అంది. ఇంకొకామె సాలెపురుగు పాకి ఉంటుందంది. పరువు పోతుందన్న భయంలో నా నోట ఒక మాట వచ్చేసింది.

"టాటూ అత్తమ్మా. రెండు రోజులల్ల పోతది."

"గింత వంకరగ ఎవలేసిన్రు?"

"నేనే ఏసుకున్న."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక జబ్బును దాచబోయి చేతిలో ఉన్న విద్యను తాకట్టు పెట్టానని బస్సులో తిరిగొచ్చేటప్పుడు గాని నాకు తట్టలేదు. ఆ వైపు చుట్టాల్లో మెహందీ పెట్టమని నన్ను ఇప్పటికీ ఎవరూ పిలవరు.

తర్వాత పార్లర్‌లో ఉన్న సరుకంతా ఆ కాళ్ల మీద ప్రయోగించాను. కంటి కింది నలుపుకు వాడే క్రీమ్ రాశాను. నిమ్మరసం, తేనె పట్టించాను. చివరికి మచ్చలు కప్పే కన్సీలర్ పూసుకుని పడుకుంటే దుప్పటి మీద కాళ్ల అచ్చులు పడ్డాయి, నా కాళ్లకు మాత్రం రంగు మిగల్లేదు.

ఇక డాక్టర్‌కు చూపించాల్సిందే అనుకున్నాను. సూర్యాపేటలో సగం మంది నా కస్టమర్లే కాబట్టి ఇక్కడ కుదరదు. కోదాడలో రక్తనాళాల డాక్టరమ్మ ఉందని తెలిసి, అత్తమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను. మోకాళ్ల నొప్పులకు నీకు చూపిద్దామని ఆమెకు చెప్పాను. ఆత్మకూరు వైపు పొలాల వెంట ఏళ్ల తరబడి గొర్లను కాసిన మనిషి ఆమె. గొర్లు అమ్మేశాక మా దగ్గర ఉంటోంది. కోడలికి తన మీద ఎంత ప్రేమో అని మునగాల దాటేదాకా పక్క సీటామెకు చెబుతూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

దవాఖానలో అడుగుపెట్టగానే ఎదురుగా నా కస్టమరే. మొన్నే ఫేషియల్ చేయించుకుని వెళ్లింది.

"మేడం, మీరిక్కడ?"

"మా అత్తమ్మకు చూపియ్యనీకె."

"నేను కూడా మా అత్తమ్మ కోసమే" అంది. ఆమె పక్కన ఏ అత్తమ్మా లేదు.

లోపలికి వెళ్లి మోకాళ్ల సంగతి చెప్పాను. డాక్టరమ్మ మోకాళ్లను ముట్టనేలేదు. అత్తమ్మ చీరను కాస్త పైకి జరిపి చూసింది. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నాయి. చీలమండ చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందమ్మా?"

"ఎన్నడిదో. గొర్ల ఎంబడి తిరిగిన కాళ్లు గిట్లనే ఉంటయి గద."

"ఈ నలుపుకి ఏమైనా రాశారా?"

అత్తమ్మ గర్వంగా నా వైపు చెయ్యి చూపించింది. "మా కోడలు ప్యాక్ ఏసింది. పెద్ద పార్లరున్నది ఆమెకు."

నిజమే. ఎండకు కమిలిందనుకుని ఆ నలుపుకు నేనే ట్యాన్ తీసే ప్యాక్ వేశాను. మామూలుది కూడా కాదు, గోల్డ్ ప్యాక్. డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. అనుంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

అత్తమ్మను నిలబెట్టి కాళ్లకు స్కానింగ్ చేసి విషయం చెప్పింది. కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు పైకి పంపే సిరల్లో చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. అవి సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలబడిపోతుంది. నరం ఉబ్బుతుంది, చర్మం నల్లబడుతుంది. అలాగే వదిలేస్తే పుండు పడుతుంది.

అంతా విన్నాక, ఇక దాచి లాభం లేదని, నేనూ నా కాలు ముందుకు చాపాను.

"గది టాటూ గదా?" అంది అత్తమ్మ.

"కాదత్తమ్మా."

"నాకెరికే. నువ్వు గంత అడ్డగోలుగ గియ్యవు."

డాక్టరమ్మ నవ్వి, నాకూ స్కానింగ్ చేసింది. లోపలి సిరలు బాగానే ఉన్నాయి.

"మీవి చర్మం కిందుండే చిన్న సిరలు, వెడల్పయ్యాయి. ఎక్కువసేపు నిలబడే పని, కాన్పులు, కుటుంబ లక్షణం, ఏదైనా కారణం కావచ్చు. పైన క్రీములు రాస్తే పోవు. ప్రమాదం లేదు కాబట్టి తొందర కూడా లేదు. ముందు ఆవిడ కాళ్లు చూద్దాం" అంది.

అత్తమ్మకు లేజర్ చేశారు. మత్తు సూది ఇచ్చి, పాడైన సిరలోకి సన్నటి తీగ పంపి, వేడితో దాన్ని మూసేశారు. సాయంత్రానికి నడుచుకుంటూ బయటికి వచ్చింది. నా వంతు కొన్ని వారాల తర్వాత. వెంట్రుకంత సూదితో ఆ సన్న నరాల్లోకి మందు ఎక్కించారు. మందుకు నరం గోడలు అతుక్కుని మూసుకుపోతాయట, రక్తం వేరే దారి చూసుకుంటుందట, మూసుకున్న నరాన్ని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుందట. చీమ కుట్టినంత నొప్పి. తొడ దాకా సూది దిగుతుందని ఊహించుకుని ముందే ఏడ్చి పెట్టుకున్న కన్నీళ్లన్నీ దండగయ్యాయి.

మొదట్లో కాళ్లు మునుపటికంటే ఘోరంగా కనిపించాయి. కమిలి, గోధుమరంగు చారలు పడ్డాయి. కొన్నాళ్లు పడుతుందని ముందే చెప్పినా, రోజూ అద్దం ముందు నిలబడి డాక్టరమ్మను తిట్టుకున్నాను. పైగా రక్తం కాళ్లలో నిలవకుండా ఇద్దరికీ బిగుతు మేజోళ్లు. సూర్యాపేట ఎండల్లో అవి ఎక్కించుకోవడం కంటే గొర్రెకు చొక్కా తొడగడం సులువు. పొద్దున్నే అత్తమ్మ మంచం మీద కాలు చాపితే నేను లాగుతాను. తర్వాత నా కాలు పట్టుకుని ఆమె లాగుతుంది. గొర్ల కాళ్లు పట్టిన చేతులు కాబట్టి ఆమె పనే త్వరగా అయిపోతుంది.

ఇప్పుడు నా నరాలు చాలావరకు మాసిపోయాయి. మోకాలి వెనక కొత్తవి రెండు మొలిచాయి. అలా వస్తుంటాయని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. అత్తమ్మ కాళ్ల బరువు తగ్గింది, దురద పోయింది. నడవమన్నారని తెల్లారకముందే నన్ను లేపి చెరువు కట్ట దాకా తీసుకుపోతోంది. ఆమె ముందు, నేను వెనక. నేను ఆగి రొప్పుతుంటే తనూ ఆగి, మందలో వెనకబడ్డ గొర్రెను పిలిచినట్టు నాలుకతో ఒక చప్పుడు చేస్తుంది. నేను మళ్లీ కదులుతాను.