జంగయ్య సారు ఆఖరి సాక్షి

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, ఇబ్రహీంపట్నం కోర్టులో మా న్యాయవాదుల సంఘానికి నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారనడం మర్యాద కోసమే. ఆ పదవి ఎవరికీ అక్కర్లేక నా మెడకు చుట్టారు. కొత్త సర్క్యులర్లు, జడ్జీల బదిలీలు, సెలవులు, సంఘం తీర్మానాలు, ఇవన్నీ నోటీసు బోర్డు మీద పెట్టి వాట్సాప్ గ్రూపులో వేయడం నా పని. మంచి వార్తకు ఎవరూ నన్ను తలుచుకోలేదు గాని, వార్త ఆలస్యమైతే మాత్రం అందరికీ నేనే గుర్తొచ్చేవాణ్ణి.

ఎండాకాలం సెలవులకు ముందు వారం అది. సివిల్ కోర్టులు మే నెలంతా మూసేస్తారు కాబట్టి, ఆ వారం వాయిదా పడిన కేసు మళ్లీ జూన్‌లోనే పిలుపుకొస్తుంది. ఒకరోజు తెల్లవారుతుండగా ఫోన్ వచ్చింది. సీనియర్ న్యాయవాది జంగయ్య గారు రాత్రి గుండెపోటుతో పోయారు. ముందురోజు సాయంత్రం కోర్టు గేటు దగ్గర నాతో చాయ్ తాగి, చక్కెర తక్కువైందని చాయ్ అతన్ని కోప్పడిన మనిషి.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. సభ్యుడు చనిపోతే కోర్టు హాల్లో సంతాపసభ జరుగుతుంది, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. తర్వాత వకీళ్లెవరూ పనిచేయరు. జడ్జి గారు కేసులన్నీ వాయిదా వేస్తారు. దీన్ని మీరిన వకీలును నేను చూడలేదు. పెళ్లికి పిలవకపోయినా క్షమిస్తారేమో గాని, ఆ రోజు నల్లకోటు వేసుకుని వాదించినవాణ్ణి మాత్రం క్షమించరు.

బార్ రూములో కూర్చుని నోటీసు రాస్తుండగా జంగయ్య గారి జూనియర్ శ్రావణి వచ్చింది. రాత్రంతా ఏడ్చిన కళ్లు. సారు ఇంటి నుంచి నేరుగా వచ్చింది.

"అన్నా, ఇయ్యాల చంద్రమ్మ కేసుల సాక్షిని క్రాస్ చేసేది ఉంది. ముసలాయనను తీస్కొచ్చిండ్రు. గేటు కాడ ఆటోల పండుకున్నడు," అంది.

ఆ కేసు మాకందరికీ తెలుసు. చంద్రమ్మది మంచాల మండలం వైపు పల్లె. భర్త బాలయ్య చనిపోగానే మరిది కొడుకులు ఆమె అసలు పెళ్లాడిన భార్యే కాదని, బాలయ్య ఉంచుకున్న మనిషని అడ్డం తిరిగారు. తనను భార్యగా ప్రకటించమని ఆమె జంగయ్య గారి ద్వారా దావా వేసింది. యాభై ఏళ్ల కిందటి పెళ్లికి ఫొటో లేదు, కాగితం లేదు. పెళ్లి చూసినవాళ్లలో బతికున్నది ఒక్క మల్లయ్య, బాలయ్యతో కలిసి చెరువులో వల వేసిన స్నేహితుడు. ఆయన వాంగ్మూలం ప్రమాణపత్రంగా దాఖలైంది. కానీ అవతలి వకీలు ప్రశ్నించి పరీక్షించే క్రాస్ పూర్తికాకపోతే ఆ మాటకు విలువ ఉండదు. మల్లయ్యకేమో ఆయాసం. దవాఖానలో డాక్టర్లు ఎన్నాళ్లుంటాడో చెప్పలేమన్నారు. జూన్ దాకా ఆయన ఆగకపోతే, చంద్రమ్మ చచ్చేదాకా ఉంచుకున్న మనిషిగానే మిగిలిపోతుంది.

నేను అధ్యక్షుడితో మాట్లాడాను. ఆయన మంచివాడే గాని, ఒక్కరికి సందు ఇస్తే రేపు ప్రతివాడూ అడుగుతాడని, పైగా జంగయ్యను అవమానించినట్టు అవుతుందని అన్నారు. చాలామంది తలలూపారు. శ్రావణి గోడకు ఆనుకుని నిలబడింది.

అప్పుడు వెనక కుర్చీలోంచి బాల్‌రెడ్డి గారు లేచారు. మరిది కొడుకుల తరఫు వకీలు ఆయనే. ఆయనకూ జంగయ్య గారికీ ముప్పై ఏళ్ల వైరం. ఒకరు అవునంటే ఇంకొకరు కాదనాల్సిందే. కోర్టులో ఫ్యాను వేయాలా వద్దా అన్నదానిమీద కూడా వాళ్లు వాదించుకోవడం నేను విన్నాను.

"జంగయ్య ఉంటే ఏమంటుండె? ముసలాయనను గింత దూరం తెచ్చి ఉత్తగ తోలిస్తరా అని మనందర్ని తిడుతుండె. ఆయన మీద గౌరవం ఉంటే ఆయన పని కానియ్యుండ్రి. క్రాస్ చేసేది నేను. నేను తయారున్న," అన్నారు.

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకుని, రాయమన్నట్టు నాకు సైగ చేశారు. జంగయ్య గారి మృతికి సంతాపంగా ఆ రోజు విధులకు దూరంగా ఉంటామని, ఆయన సాక్షి విచారణ ఒక్కటే ఇందుకు మినహాయింపని రాశాను. మా సంతాప నోటీసుల్లో అలాంటి వాక్యం అంతకుముందు ఎవరూ రాయలేదు.

వరండాలో బాల్‌రెడ్డి గారి క్లయింటు, పెద్ద మరిది కొడుకు, ఆయనకు అడ్డం వచ్చాడు. అందరూ బంద్ చేస్తుంటే మనకెందుకు సార్ అని గొణిగాడు. జూన్ దాకా ముసలాయన ఉండడన్నది వాడి లెక్క.

"నీ కేసు ఇడుస్త లేను. అడగాల్సిందంత అడుగుత. గానీ ముసలాయన పానం మీద పందెం కాయుమంటే నాతోని కాదు. వేరే వకీల్ని చూస్కో," అన్నారు ఆయన. వాడు తప్పుకున్నాడు.

సంతాపసభ అయ్యాక, రెండు పక్షాలూ సిద్ధమైతే తనకు అభ్యంతరం లేదని జడ్జి గారు చెప్పారు. బోనులో మల్లయ్యకు కుర్చీ వేయించారు. ఆయన కూర్చుని చుట్టూ చూశాడు. "మా వకీల్ సాబ్ ఏడి?" అని అడిగాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. "నేనున్న తాతా," అంది శ్రావణి.

మల్లయ్యకు చెవులు సరిగా వినపడవు. బాల్‌రెడ్డి గారు ఎప్పుడూ మెల్లగా, తలుపు చాటునుంచి మాట్లాడినట్టు మాట్లాడే మనిషి. ఆ రోజు బోను పక్కకు వెళ్లి, జంగయ్య గారిలాగే గొంతెత్తి అడిగారు. ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. పెళ్లినాడు నువ్వు ఊళ్లోనే లేవు కదా అన్నారు.

"ఎందుకు లేను? ఆ దినం చెరువు అలుగు వోసింది. బండ్లు దాటలే. పెండ్లిపిల్లను నా తెప్ప మీద నేనే దాటించిన."

"తెప్ప కాడనే ఉన్నవా, పుస్తె కట్టంగ చూసినవా?"

"చూసిన. బాలయ్య చేతులు వణుకుతుంటే నవ్విన గూడ. పీటల మీద కూసోనే నన్ను తిట్టిండు."

చివరికి వకీళ్లు సజెషన్ అనే మాట వచ్చింది. సాక్షి అబద్ధమాడుతున్నాడని అవతలి వకీలు ముఖానే అని, జవాబు నమోదు చేయించడం. అది అనకపోతే సాక్షి మాటను ఒప్పుకున్నట్టే అవుతుంది. "చంద్రమ్మ పెట్టే బువ్వ తిని అబద్ధం చెప్తున్నవని నేనంటున్న," అన్నారు బాల్‌రెడ్డి గారు.

మల్లయ్య కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బువ్వ తిన్న. అబద్ధం చెప్పలే."

వెనక బెంచీ మీద చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాల్‌రెడ్డి గారు ఇక ప్రశ్నల్లేవని చెప్పి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

బయట ఆటో ఎక్కించేటప్పుడు శ్రావణి మల్లయ్యకు సంగతి చెప్పింది. ఆయన ఆటో కడ్డీ పట్టుకుని ఆగాడు. తర్వాత, "గందుకేనా గా సారు గంత జోరుగ అడిగిండు. మా వకీల్ సాబే అడిగినట్టున్నది బిడ్డా," అన్నాడు.

మల్లయ్య ఆ సెలవుల్లోనే పోయాడు. వర్షాకాలంలో తీర్పు వచ్చింది. చంద్రమ్మ బాలయ్యకు చట్టబద్ధమైన భార్య అని కోర్టు ప్రకటించింది. బాల్‌రెడ్డి గారు అప్పీలుకు వెళ్లమని క్లయింటుకు సలహా ఇవ్వలేదు. వాళ్లూ వెళ్లలేదు.

నేను ప్రాక్టీసు మానేశాక శ్రావణి సంఘానికి కార్యదర్శి అయింది. బాల్‌రెడ్డి గారు పోయిన రోజు గ్రూపులో నోటీసు వేసేముందు నాకు ఫోన్ చేసింది. ఆ రోజు కేసుల జాబితా చూశానని, అందులో ఆయన సాక్షి ఒకరున్నారని, పెద్దమనిషి చానా దూరం నుంచి వచ్చాడని చెప్పింది. అవతలి వకీలు ఎవరని అడిగాను.

"నేనే అన్నా," అంది.

సంతాపం తెలపడం మా వృత్తిలో ఒక పద్ధతి. పోయినవాడి పని ఆ రోజుకు ఏం మిగిలిందో ముందు చూడటం కూడా ఆ పద్ధతిలో భాగమని నేను నేర్చుకున్నది జంగయ్య గారు పోయిన రోజున. ఇప్పుడు మా కోర్టులో ముందు కేసుల జాబితా చూసి, ఆ తర్వాతే నోటీసు రాస్తారు.