హిల్కా నడుముకు కట్టిన చాప

సెమీసి అబద్ధాలాడే మనిషి కాదు. జీవితంలో ఆడింది ఒక్కటి, అదీ వాళ్లమ్మతో. పోయేదాకా, తన ఇంట భోజనానికి ఎవరు కూర్చున్నా, ఆ అబద్ధం కథ పూర్తయితే గాని గిన్నె మీద మూత తియ్యనిచ్చేవాడు కాదు.

అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. టోంగా దీవుల నుంచి ఫిన్లాండ్‌కు సువార్త చెప్పడానికి వచ్చి నాలుగు నెలలైంది. చొక్కా జేబు మీద ‘ఎల్డర్’, అంటే ‘పెద్ద’, అని పేరు బిళ్ల; మీసమింకా సరిగా రాకుండానే పెద్దరికం వచ్చేసింది. జతగాడు క్లైడ్, అమెరికాలోని ఐడహోలో బంగాళదుంపల రైతు కొడుకు. ఒకరిని విడిచి ఒకరు కదలకూడదని నియమం. కాడికి కట్టిన ఎడ్లలా ఇద్దరూ పొద్దస్తమానం తలుపులు తట్టేవారు. ఫిన్లాండ్ వాళ్లు తిట్టరు. తలుపు బెత్తెడు తీసి, “వద్దండి” అని చప్పుడు కాకుండా మూసేస్తారు. తిడితే అదైనా నాలుగు మాటలయ్యేదని సెమీసి బాధ.

సోమవారం ఇంటికి ఉత్తరాలు రాసే రోజు. తల్లి ప్రతిసారీ ఒకటే అడిగేది: “నీకు తిండి ఎవరు పెడుతున్నారు?” డబ్బా చేపలు తింటున్నానని రాస్తే ఆవిడ గుడిలో అందరిచేతా ఉపవాస ప్రార్థన చేయించగలదు. అందుకని, “ఇక్కడొక అమ్మమ్మ ఉందమ్మా, వారం వారం పిలిచి పెడుతుంది” అని రాశాడు.

ఆరు వారాలకు పార్సిల్ వచ్చింది. లోపల మొగలి ఆకుతో పట్టులా నేసిన చాప, గుడికీ పెద్దల ముందుకీ వెళ్లేటప్పుడు టోంగా వాళ్లు నడుముకు కట్టుకునేది. దానితో చీటీ: “మీ నాయనమ్మ నేసింది. ఆ అమ్మమ్మకు కట్టి ఫొటో పంపు. నా బిడ్డకు పెట్టిన చెయ్యి నేను చూడాలి. గుడిలో అందరికీ చూపిస్తానన్నాను.”

“అమ్మమ్మను అద్దెకు తెస్తావా ఏమోయ్?” అన్నాడు క్లైడ్.

“నవ్వు. నిజం రాస్తే మా అమ్మ గుడిలో తలెత్తుకోలేదు.”

“మరి మొన్న ఆ ముసలాయనకు అబద్ధం పాపమని అరగంట చెప్పింది నువ్వేగా?”

“ఆయన విన్లేదుగా.”

జూన్ వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్లు ఇంట్లో నేల మీద పరిచే గుడ్డపేలికల పట్టాలన్నీ సరస్సు ఒడ్డు చెక్కల రేవుకు మోసుకొచ్చి, బ్రష్షులతో రుద్ది ఉతికే కాలం. అక్కడ హిల్కా అని డెబ్బై దాటిన ఆవిడ, ఎండుకట్టెలా ఉంది, తడిసిన పట్టాతో కుస్తీ పడుతోంది. సెమీసి అడక్కుండానే వెళ్లి, కోటు టై తోనే దాన్ని భుజానికెత్తుకున్నాడు. బూట్ల దాకా నీళ్లు కారాయి.

“దేవుడి మాట ఎత్తావంటే పట్టా అక్కడే దించెయ్,” అంది హిల్కా, తలెత్తకుండా. “ఎత్తనంటే ఆ తాడు మీద వెయ్యి. కొసలు సమంగా.”

అలా మూడు రోజులు మోశాడు. మూడో రోజు ఆవిడ బ్రష్షు కింద పెట్టింది.

“నీకేదో కావాలి. పట్టాల మీద ప్రేమతో ఎవరూ మూడు రోజులు రారు.”

వచ్చీరాని వాళ్ల భాషలో సెమీసి అంతా చెప్పేశాడు. హిల్కా తడి చేతులు ఏప్రానుకు తుడుచుకుంది.

“అంటే, దేవుడి పని మీద వచ్చి, నన్ను అబద్ధానికి సాక్ష్యం పలకమంటావు.”

“అవును, అమ్మమ్మా.”

“నేను పలకను.” సెమీసి మొహం వాడిపోయింది. ఆవిడ లేచి కొంకర్లు పోయిన మోకాళ్లు సర్దుకుంది. “ముందు తినండి. ఆ తర్వాత ఫొటో. అప్పుడది అబద్ధం కాదు. కాస్త ఆలస్యమైన నిజం.”

కొత్త బంగాళదుంపలు, వెన్న, వేయించిన చిన్న చేపలు, నల్లటి రై రొట్టె. సెమీసి మూడుసార్లు వడ్డించుకున్నాడు. దుంపలకు క్లైడ్ వంక పెడతాడేమోనని బల్ల కింద కాలు తొక్కి ఉంచాడు. తిన్నాక చాప విప్పితే హిల్కా దాన్ని వెలుతురుకు పట్టి చూసి, “దుమ్ము పట్టింది పాపం” అంటూ సబ్బు, బ్రష్షు తీసుకుని రేవు దారి పట్టింది. సెమీసి పరిగెత్తి అడ్డం నిలబడ్డాడు.

“ఇది ఉతకరు అమ్మమ్మా, కడతారు.”

“చాపనా? నాకా? ఊళ్లోవాళ్లు చూస్తే ఏమంటారు?”

“మా అమ్మ ఏమంటుందోనని నా భయం.”

కట్టించుకుంది, తడి ఏప్రాను మీదే. చేతిలో బ్రష్షు మాత్రం వదల్లేదు. క్లైడ్ ఫొటో తీశాడు.

ఆ వేసవంతా హిల్కా బుధవారం బుధవారం వాళ్లిద్దరినీ పిలిచింది. మతం మాట ఒక్కసారీ విననూ లేదు, వడ్డన ఒక్కసారీ తగ్గించనూ లేదు. ఆగస్టులో తల్లి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. సెమీసి నిలబడ్డచోటే కవరు చింపి చదివాడు.

“ఫొటో గుడిలో అందరూ చూశారు. చాప బాగా కట్టావు. కానీ ఆ పిచ్చితల్లి ఎంత చిక్కిపోయిందిరా. తన తిండంతా నీకే పెడుతున్నట్టుంది. ఇకమీదట నువ్వు కొంచెం తిని, ఆవిడకు పెట్టు.”