తవుడిచ్చి కొనుక్కున్న తమ్ముడు

మా చిన్నప్పుడు పసిపిల్లల్ని తవుడికి అమ్మేవారు... నిజంగానే. మా తమ్ముణ్ణి అలాగే అమ్మేశారు.

నరసాపురం దగ్గర గోదావరి గట్టునే మా ఊరు. అప్పటికింకా రైలు రాలేదు, ఎక్కడికెళ్లాలన్నా పడవే. నా తర్వాత పుట్టిన మగపిల్లలిద్దరూ పాలు తాగే వయసులోనే పోయారు. ఆ తర్వాత వీడు పుట్టగానే మా నాయనమ్మ, ఇంటింటికీ చేపలు తెచ్చే పోలమ్మను పిలిపించింది. పోలమ్మ చేటెడు తవుడు అమ్మ ముందు పెట్టి పిల్లాణ్ణి కొనుక్కుంది. పేరు తవిటయ్య. ఇక వాడు ఆవిడ బిడ్డ, అమ్మ పాలిచ్చి పెంచిపెడుతుందంతే... అలా అనుకుంటే మృత్యువు మా గడపకేసి చూడదని నమ్మకం.

ఆ నమ్మకాన్ని నాయనమ్మ గట్టిగా పట్టుకుంది. "పరాయి బిడ్డని ముద్దు చేస్తారేంటే? పుట్టెంట్రుకలు తీసేదాకా వాడు మనవాడు కాదు" అనేది. అమ్మ పాలిచ్చేది, నీళ్లు పోసేది... వాడి మొహంకేసి మాత్రం చూసేది కాదు. జోలపాట లేదు, కబుర్లు లేవు. నేను ఉయ్యాల దగ్గరికెళితే కసిరేవారు. కొనుక్కున్న పోలమ్మేమో పెనిమిటితో సముద్రం వేటకని అంతర్వేది వైపు వెళ్లిపోయింది.

నెలలు గడిచాయి. వాడి ఈడు పిల్లలు బోర్లాపడి కేరింతలు కొడుతున్నారు. మా తవిటయ్య నవ్వడు. ఎవరొచ్చినా చూడడు. ఆకలేసినా సరిగా ఏడవడు... దూలాలకేసి చూస్తూ పడుకునేవాడు.

"ప్రాణముంది గానీ మనిషి లేడమ్మా వీడిలో" అని ఇరుగుపొరుగు గొణుక్కునేవారు. అమ్మ ఆ మాట విని పెరట్లోకి వెళ్లిపోయేది.

ఓ రోజు పొద్దున్నే పోలమ్మ ఊడిపడింది. ఊళ్లో ఆవిడకు గయ్యాళి అని పేరు. గంప అరుగు మీద దించి, తిన్నగా ఉయ్యాల దగ్గరికెళ్లి పిల్లాణ్ణి ఒళ్లోకి లాక్కుంది.

"ఏరా తవిటయ్యా... అమ్మొచ్చింది, చూడవేంట్రా? మీ అయ్య నన్నెన్ని మాటలన్నాడో తెలుసా? వల చినిగితే తప్పు నాదంట. నువ్వే చెప్పరా, నాదా తప్పు?"

అని ఆగింది. జవాబు కోసం నిజంగానే ఆగింది... వాడేదో పెద్దమనిషి, తీర్పు చెప్పబోతున్నట్టు.

వాడు ఆవిడ నోటికేసి చూశాడు. ఆవిడ మళ్లీ అడిగింది. వాడి పెదవి కదిలింది... బోసినోరు మెల్లగా విచ్చుకుంది. ఖాళీగా ఉన్న ఆ కళ్లలోకి ఎవరో వచ్చి కూర్చున్నట్టయింది. "ఊఁ..." అన్నాడు.

తమ్ముడు అప్పుడే, నా కళ్లముందే పుట్టాడనిపించింది. ఇన్నేళ్లయినా ఆలోచిస్తూనే ఉంటాను... అన్నాళ్లూ వాడు లోపల ఎక్కడున్నాడు? పిలిస్తే బయటికొచ్చాడా, ఆ పిలుపుతోనే మనిషయ్యాడా? నాకిప్పటికీ తెలీదు.

చూస్తే గుమ్మంలో అమ్మ. గేదెకు కుడితి కలపబోతూ మాటలు విని వచ్చింది, దోసిట్లో తవుడు అలాగే ఉంది.

"పోలమ్మా... ఒక్కసారి ఇటియ్యి."

"కొనుక్కున్నానండి అమ్మగారూ. ఉత్తినే ఎలా ఇస్తానండి?" పోలమ్మ నవ్వుతూనే అంది.

అమ్మ నవ్వలేదు. దోసిట్లో తవుడంతా ఆవిడ కొంగులో పోసేసింది.

నాయనమ్మ గాభరాగా లేచింది. "ఏం చేస్తున్నావే? పుట్టెంట్రుకలైనా తీయకుండా..."

"పోతాడేమోనన్న భయంతో, ఉన్నవాణ్ణే లేకుండా చేశాను అత్తయ్యా" అంది అమ్మ. అత్తగారికి ఆవిడ ఎదురు చెప్పడం అదే మొదలు.

వాణ్ణి అందుకుని మొహంలోకి చూసింది. "నా తండ్రీ..." అంది. వాడు చెయ్యి చాపి, తడిసిన ఆ బుగ్గను పట్టుకున్నాడు.

తవిటయ్య బతికాడు. ఇప్పుడు మనవల్ని ఆడిస్తున్నాడు. ఏ పిల్లనెత్తుకున్నా ముందు ఏదో ఒకటి అడుగుతాడు... అడిగి, జవాబు కోసం ఆగుతాడు.

ఈ రోజుల్లో పిల్లల్ని తవుడికి అమ్మేవాళ్లు లేరు. ఆ భయం తగ్గింది, మంచిదే. పసివాడి ముందు కూర్చుని, వాడి జవాబు కోసం ఆగే తీరిక కూడా తగ్గిపోయిందేమోననే నా దిగులు...

మిమ్మల్ని అలా మొట్టమొదట పలకరించి, ఆగిందెవరు? మీకు గుర్తుండదు. పెద్దవాళ్లనడిగి చెప్పండి... వాళ్లుండగానే అడగండి.