ఎర్ర పోగుల కవరు

మా మ్యూజియంలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ ఆమె కుంచెమ్మ. బూడిదరంగు యూనిఫాం పైజేబులో మిగతా అటెండెంట్లకు పెన్ను ఉంటే, ఆమెకు మెత్తటి వెంట్రుకల కుంచె ఉండేది.

పొద్దున తొమ్మిదింటికి వస్త్రాల గది తాళం తీయాలి. దుమ్ము దులపాలి. పదింటి నుంచి ఐదింటి దాకా నిలబడి, వచ్చినవాళ్ళకు "ముట్టుకోకండి" అని చెప్పాలి. ఈ సంగతి జరిగేనాటికి ఇరవై రెండేళ్ళుగా ఆమె అదే పని చేస్తోంది. నేను అదే భవనంలో, మెట్ల కింద ఉన్న లైబ్రరీలో పనిచేసేదాన్ని. మనుషులతో పెద్దగా కలవలేని స్వభావం నాది. చదివిన పుస్తకాలు చాలావరకు మరిచిపోయిన ఈ వయసులో కూడా, ఆమె అన్న మాటలు మాత్రం విన్నవి విన్నట్టు గుర్తున్నాయి.

వస్త్రాల గది మధ్యలో, చెక్క బొమ్మకు తొడిగిన ఎర్ర పట్టు కోటు ఒకటి ఉండేది. నూట ముప్పై ఏళ్ళ కిందట ఒక నటి రంగస్థలం మీద వేసుకున్నదట. దానికి అద్దాల పెట్టె మంజూరైందని నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ వింటూనే ఉన్నాను. పెట్టె రాలేదు. దుమ్ము మాత్రం రోజూ వచ్చేది. రోజూ తొమ్మిదింపావుకు కుంచెమ్మ ఆ కోటును భుజాల దగ్గర మొదలుపెట్టి కిందికి దులుపుకుంటూ వచ్చేది, చంటిపిల్లకు తల దువ్వినట్టు. పెద్దవాళ్ళెవరైనా చూడటానికి వస్తే సూపరింటెండెంటు గారు ఆ కోటు ముందు ఆగి, "ఒక్కరోజు కూడా తప్పకుండా శుభ్రం చేయిస్తాం" అని చెప్పుకునేవారు.

ఒకనాడు భోజనాల వేళ ఆమె లైబ్రరీకి వచ్చి, నా బల్ల మీద పాత ఆఫీసు కవరొకటి పెట్టింది.

"అక్కా, ఇదేంటో చూసి చెప్పు."

లోపల ఎర్రటి నూగు. పట్టుకుందామంటే చేతికి ఏమీ తగల్లేదు గానీ వేలికొసకు ఎరుపు అంటుకుంది.

"సాయంత్రం కుంచెను తెల్లకాగితం మీద తట్టి శుభ్రం చేస్తాను గదా. దుమ్మంటే బూడిదరంగులో ఉండాలి. ఈ ఎరుపెక్కడిది?"

"కోటుదేమో."

"అదే నేనూ అడుగుతున్నా. నేను దులుపుతున్నది దుమ్మునా, కోటునా?"

కవరు వెనక చిన్న చిన్న అక్షరాల్లో తేదీలు ఉన్నాయి. మొదటిది ఏడేళ్ళ నాటిది.

"ఇన్నేళ్ళూ ఎవర్నీ అడగలేదా?"

"అడక్కేం! మా గది ఆఫీసరు గారినడిగా. 'పాత బట్టన్నాక పోగులు రాలవా' అన్నారు. నా జుట్టు రాలిందంటే నాది, రాలనీ. ఆ కోటు నాది కాదు కదక్కా."

ఇద్దరం కలిసి బీరువాలన్నీ వెతికాం. ఆ కోటు ఎవరిదో, ఎక్కడ నేశారో, ఏ నాటకంలో వేసుకున్నారో చెప్పే పుస్తకాలు మూడు దొరికాయి. దాన్ని ఎలా కాపాడాలో చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు.

ఆ నెలలోనే సర్క్యులర్ వచ్చింది. పాత వస్త్రాల సంరక్షణ మీద వేరే నగరంలో పన్నెండు రోజుల శిక్షణ. మ్యూజియానికి ఒక్కరే. 'వస్తువులను చేతులతో తాకి పనిచేసే సిబ్బందికి ప్రాధాన్యం' అన్న వాక్యం చదివి వినిపించగానే కుంచెమ్మ రెండు చేతులూ నా ముందుకు చాపింది.

"ఇవి కాక ఆ గదిలో ఇంకెవరి చేతులున్నాయి?"

ఆ మాట నిజమే గానీ, మా ఆఫీసులో శిక్షణలకు ఒక వంతుల జాబితా ఉండేది. విషయం ఏదైనా కానీ, సీనియారిటీ ప్రకారం ఎవరి వంతు వస్తే వాళ్ళు వెళ్ళాలి. రాతి శిల్పాల శిక్షణకు టైపిస్టు వెళ్ళొచ్చాడు. తాళపత్రాల శిక్షణకు వెళ్ళినాయన తిరిగొచ్చిన వారానికే రిటైరయ్యాడు. వెళ్ళినవాళ్ళు తలా ఒక సంచీ, సర్టిఫికెట్టు, గ్రూపు ఫొటో తెచ్చుకునేవారు. సంచీలోని నోట్సు పుస్తకాన్ని స్టోరు బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అటెండెంట్ల పేర్లు ఆ జాబితాలో మొదటినుంచీ లేవు. ఈసారి వంతు నాణేల విభాగం పెద్దాయనది. మేమంతా నాణేల బాబాయ్ అనేవాళ్ళం. ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. బట్టల గురించి ఆయనకు తెలిసిందల్లా ఇంట్లో తీసిపెట్టిన చొక్కా తొడుక్కోవడమే.

"అర్జీ రాయి అక్కా" అంది కుంచెమ్మ. 'దయతో నన్ను' అని మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్న ఆమె కాగితాన్ని తలకిందులుగానే చదివి, నా చేతిలో పెన్ను తీసుకుని మొదటి మాట కొట్టేసింది.

"దయ ఎందుకు? నేను చేసే పని గురించే గదా అడుగుతున్నా. అర్హత అని రాయి."

అలాగే రాశాను. రాసింది నేనని తెలిసి, సూపరింటెండెంటు గారు ఇద్దర్నీ పిలిపించారు.

"నువ్వు అటెండెంటువమ్మా. నీ పని కాపలా. వస్తువుల్ని తాకడం నీ డ్యూటీలో లేదు."

"మరి రోజూ దులిపేదెవరండీ?"

"అది శుభ్రత."

"తాకకుండా శుభ్రం ఎలా చెయ్యాలో ఓసారి చూపించండి సార్. నేర్చుకుంటా."

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. "చదివింది పదో తరగతి. అక్కడ చెప్పేవి నీకు అర్థం కావు."

"అర్థం కాకపోతే పన్నెండు రోజులకు తిరిగొచ్చేస్తా సార్. అర్థమైనవాళ్ళూ అన్ని రోజులకే గదా వస్తున్నారు."

నాకు నవ్వొస్తే దగ్గుగా మార్చుకున్నాను. అర్జీ మీద ఎర్ర సిరాతో 'పరిశీలించబడినది. అర్హత లేదు' అని రాసి ఇచ్చారు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. ఆ సాయంత్రమే సెలవు చీటీ ఇచ్చింది. కారణం అన్న చోట 'సొంత పని' అని రాసింది.

ఇంట్లో ఆమె, అత్తగారు ఇద్దరే. భర్త పోయి పదకొండేళ్ళు. అత్తగారు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి రిటైరైన మనిషి. నేను వెళ్ళేసరికి కోడలు పెట్టె సర్దుకుంటోంది, ఆవిడ మంచం మీద కూర్చుని తగువు పెట్టుకుంటోంది.

"పాత బట్ట గురించి చెప్పడానికి పన్నెండు రోజులా? చిరిగితే కుట్టాలి. కుట్టు నిలవకపోతే మసిగుడ్డ చెయ్యాలి. అయిపోయింది పాఠం."

"అది మసిగుడ్డ కాకూడదనే పోతున్నా అత్తా."

"పిలవని చోటికి పోతున్నావు. లోపలికి రానివ్వకపోతే?"

"రానివ్వకపోతే మళ్ళీ నీ దగ్గరికే గదా వచ్చేది."

"రాకు" అంది ఆవిడ. "నేర్చుకోకుండా వస్తే తలుపు తీయను. ఆ మాత్రల చీటీ గోడకు అంటించి పో."

అక్కడ జరిగింది కుంచెమ్మా చెప్పింది, నాణేల బాబాయీ చెప్పాడు. ఇద్దరి మాటా ఒక్కలాగే ఉంది.

హాల్లో పద్దెనిమిది కుర్చీలు, బల్లల మీద పద్దెనిమిది పేర్లు. గుమ్మం దగ్గర గుమాస్తా జాబితా అంతా వెతికి, "మీ పేరు లేదండీ" అన్నాడు.

"లేదని తెలిసే వచ్చాను."

"కుర్చీ కూడా లేదు మరి."

"కుర్చీ అడిగానా బాబూ? ఇరవై రెండేళ్ళుగా నాది నిలబడే ఉద్యోగం. గోడ ఉంది గదా, చాలు."

పాఠం చెప్పే మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుని, మీరేం చేస్తారని అడిగింది. ఒక ఎర్ర కోటుకు కాపలా అని చెప్పింది కుంచెమ్మ. మేడం ఇంకేం అడగకుండా బోర్డు వైపు తిరిగింది. రెండు రోజులు కుంచెమ్మ వెనక గోడకు ఆనుకుని, ఆ గోడకే కాగితం ఆనించి రాసుకుంది. మూడో రోజు పొద్దున నాణేల బాబాయ్ కునికిపాట్ల మధ్యలో లేచొచ్చాడు.

"ఇదిగో అమ్మాయ్, వెళ్ళి నా కుర్చీలో కూర్చో. ఈ పోగులూ మడతలూ నావల్ల కాదు. నాణెమైతే కిందపడ్డా మోగి చెబుతుంది. ఈ బట్టలు ఉలకవు, పలకవు."

"బల్ల మీద మీ పేరుంది గదా బాబాయ్."

"ఉండనీ. అదేమన్నా నిన్ను కరుస్తుందా?"

ఆనాటి నుంచి ఆయన బయట బల్ల మీద పేపరు చదువుకుంటూ, టీకీ ఫొటోకీ మాత్రం లోపలికి వెళ్ళాడు. ఆయన పేరు వెనక కూర్చుని ఆమె నేర్చుకుంది.

ఐదో రోజు మైక్రోస్కోపు చూపించారు. తన వంతు రాగానే కుంచెమ్మ ఎర్ర పోగుల కవరు తీసి మేడం ముందు పెట్టింది. మేడం చిటికెడు తీసి అద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది.

"దేంతో దులిపారు?"

"కుంచెతో. మెత్తటిదే."

"రోజూనా?"

"సెలవు రోజు తప్ప."

"ఇవి పట్టు పోగులు. వయసు మళ్ళిన పట్టు గాజులాంటిది. ఎంత మెత్తటిది తగిలినా ఎక్కడో ఒకచోట విరుగుతుంది."

"అంటే దాన్ని తినేసింది నేనే."

"మీకు ఎవరూ చెప్పలేదు కదా."

"చెప్పలేదు. చెయ్యి మాత్రం నాదే గదా మేడం."

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదట. కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటూనే ఉందట. "పిలిచినా వినపడలేదు" అన్నాడు బాబాయ్. మర్నాడు మాత్రం అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. "ఇక మీదట ఏం చెయ్యాలో చెప్పండి మేడం. ఏడుపు సంగతి ఇంటికి పోయాక చూసుకుంటా." మేడం చూపించింది. దుమ్ము పీల్చే మిషను గొట్టానికి సన్నటి వలగుడ్డ కట్టాలి. మిషనును అన్నిటికంటే తక్కువ జోరులో పెట్టాలి. గొట్టం బట్టకు తగలకుండా, పైన వేలెడు ఎత్తులో పట్టుకోవాలి. అదీ ఏడాదికి రెండుసార్లే. మిగతా రోజుల్లో గది మూసేవేళ ఉతికిన నూలుగుడ్డ కప్పాలి.

తిరిగొచ్చిన రోజు ఆమె పైజేబులో కుంచె లేదు. తొమ్మిదింపావైంది, తొమ్మిదిన్నరైంది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని కోటు పక్కన నిలబడే ఉంది. వారానికి కోటు భుజాల మీద సన్నటి బూడిదరంగు పొర కనిపించింది. సూపరింటెండెంటు గారు స్వయంగా దిగి వచ్చారు. సంగతి తెలిసి నేనూ, నాణేల బాబాయీ, మిగతావాళ్ళూ గుమ్మం దగ్గర చేరాం.

"ఏమ్మా, దులపలేదేం?"

"దులపను సార్."

"ఏమన్నావు?"

"దులపనన్నాను. దులిపితే కోటు మిగలదు. మీ గదిలో తివాచీకి వాడే మిషను ఇప్పించండి. వలగుడ్డ నేను తెచ్చుకున్నా."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"మీరు బాబాయ్‌ని పంపిన శిక్షణలోనే చెప్పారు. కావాలంటే ఆయన్నే అడగండి."

అందరం బాబాయ్ వైపు చూశాం. ఆయన బెల్టు సర్దుకుని, "అవునండీ. నా కుర్చీలోనే కూర్చుని వింది" అన్నాడు.

మర్నాడు మెమో వచ్చింది. అనుమతి లేకుండా శిక్షణకు హాజరైనందుకు, విధులకు నిరాకరించినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపాలి. ఆమెకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. ఆ ఉద్యోగం తప్ప ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. జవాబు రాయడానికి నేను తెల్లకాగితం తీశాను.

"క్షమించమని ఒక్క వాక్యం పెడదామా?" అన్నాను.

"ఎవర్ని? కోటునైతే పెట్టు."

ఈసారి నన్ను రాయనివ్వలేదు. నా ఎదురుగా కూర్చుని, అక్షరాలు కూడబలుక్కుంటూ తానే రాసింది. ఆ జవాబు నాకు కంఠతా వచ్చు.

'సెలవులో నేను ఎక్కడికి వెళ్ళాను అన్నది నా సొంత పని. దులపను అన్నమాట నిజం. నేను దులిపి పాడుచేసింది ఈ కాగితానికి జత చేశాను. ఇది దుమ్ము కాదు, కోటు. ఇంతవరకు జరిగినదానికి నాది పూచీ. ఇక మీదట కూడా దులపాలంటే, దులపమన్నవారు ఆ మాట రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం కోటు పక్కన పెడతాను. చూడవచ్చినవాళ్ళు చదువుకుంటారు.'

కింద గుండుసూదితో ఎర్ర పోగుల కవరు గుచ్చింది. వచ్చిన కాగితాలు అందుకునే ఇన్‌వర్డు గుమాస్తా ముద్ర వేయడానికి జంకితే, "నీ పని ముద్ర వెయ్యడమే తమ్ముడూ, చదవడం కాదు" అని వేయించుకుంది.

ఆ ఫైలు గది ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన 'పైవారి నిర్ణయానికి' అని రాసి పంపాడు. పైవారు 'సంబంధిత ఆఫీసరు అభిప్రాయానికి' అని కిందికి పంపారు. నెలన్నర పాటు ఫైలు మెట్లెక్కి దిగుతూనే ఉంది. ఎవరు తెరిచినా లోపల ఎర్రటి నూగు వేలికి అంటుకునేది. నోటితో దులపమన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. సంతకం పెట్టడానికి మాత్రం ఒక్క పెన్నూ లేవలేదు. ఈలోగా కోటు మీద ఇంత దుమ్మేమిటని అడిగిన ప్రతి సందర్శకుడికీ కుంచెమ్మ ఓపిగ్గా సంగతంతా చెప్పింది.

ఒకరోజు పొద్దున వస్త్రాల గది గుమ్మం ముందు తివాచీ మిషను నిలబడి ఉంది. దాంతో పాటు కాగితమేదీ లేదు. తోసుకొచ్చిన ఊడ్చే ఆవిడ గుసగుసగా చెప్పింది: "సార్ పెట్టి రమ్మన్నారు. పెట్టమన్నట్టు చెప్పొద్దన్నారు."

ఆ రోజు గది మూసేవేళకు నేను లైబ్రరీకి తాళం వేసి పైకి వెళ్ళాను. రెండు గంటలు పట్టింది. గొట్టం కోటుకు వేలెడు దూరంలో కదులుతూ పోయింది, ఒక్కసారి కూడా తగల్లేదు. పనయ్యాక ఆమె వలగుడ్డ విప్పి, తెల్లకాగితం మీద తట్టి నాకు చూపించింది.

"చూడక్కా. బూడిదరంగే."

ఆ కాగితం మడిచి పక్కన పెట్టి, కోటు మీద నూలుగుడ్డ కప్పింది.

ఆ మెమో మీద చర్య తీసుకున్నట్టు గానీ, మానుకున్నట్టు గానీ కాగితమేదీ రాలేదు. నాణేల బాబాయ్ రిటైరైన రోజు తన సర్టిఫికెట్టు తెచ్చి, నీ పేరు రాసేసుకో అమ్మాయ్ అన్నాడు. "మీ పేరున్న కాగితం నాకెందుకు బాబాయ్? పోయేముందు ఆ స్టోరు బీరువా తాళం ఎవరి దగ్గరుందో చెప్పి పోండి" అంది.

మరుసటి ఏడు చెక్క వస్తువుల సంరక్షణ మీద సర్క్యులర్ వచ్చింది. వంతుల జాబితా ప్రకారం ఈసారి డ్రైవరుది. ఆమె లైబ్రరీకి వచ్చి కూర్చుంది.

"రాయి అక్కా. కోటు తొడిగిన బొమ్మ చెక్కదే గదా. దానికీ వయసైపోయింది."

రాశాను. దయ అన్న మాట ఎక్కడా పడకుండా జాగ్రత్తగా రాశాను. ఆమె చదువుకుని, జేబులోంచి ఇంకో కాగితం తీసింది. ఆ పన్నెండు రోజులకే రాసిన సెలవు చీటీ. రెంటినీ కలిపి గుండుసూదితో గుచ్చి, సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టి, రెంటిలో ఏది మంజూరు చేసినా ఫర్వాలేదని చెప్పి వచ్చింది.