సీసం వేసిన తువ్వాలు

మా ఆయన పోయాక కళాయి కొలిమి నా చేతికొచ్చింది. ఆలూరు వీధుల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేదాన్ని. ఒట్టి తగరం పూయాలంటే రెక్కలు పడిపోతాయి. కాస్త సీసం కలిపి కరిగిస్తే సులువుగా పరుచుకుంటుంది. ఆయన అలాగే చేసేవాడు, నేనూ అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కూతురు మూడోనెల కడుపుతో వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. రాగానే చింతపండు పులిహోర అడిగింది. సంబరపడి కొత్త ఇత్తడి గిన్నె తెచ్చి, కళాయికి తగరం కరిగిస్తున్నాను.

"అమ్మా, అదేంది ఏస్తాండావు?"

"సీసం. మీ నాయనప్పటి నుంచి ఏస్తాండేదే."

"దాంట్లో పులుపు ఒండితే సీసం తిండిలోకి దిగుతాది. నాకొద్దు."

నాకు ఒళ్లు మండింది. "ఊరంతా తింటాండారు. నీకే శానా సుకుమారమొచ్చెనా?"

"నాకు కాదు, కడుపులో బిడ్డకి."

పట్టుకారు పక్కన పెట్టాను. పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. ఒంట్లో ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో చూసే ప్రోటీన్లు ఉంటాయట. వాటిలో కొన్నింటికి జింకు ఉంటేనే సరైన ఆకారం. సీసం వచ్చి ఆ జింకు చోటులో కూర్చుంటే ఆకారం చెడి, జన్యువును సరిగా పట్టుకోలేవట. దాంతో కడుపులో బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుందట.

"ఆదోని బస్సులో కిటికీలోనుంచి తువ్వాలేసి సీటు పట్టినట్టా?" అన్నాను.

"ఆ. అయితే డ్రైవరు సీటు!"

"డ్రైవరు సీట్లో ఎవడే తువ్వాలేసేది?"

"సీసమేస్తాది. బండి నడపనూ రాదు, దిగమంటే దిగనూ దిగదు."

ఇద్దరం పడీపడీ నవ్వాం. కానీ ఆ బస్సులో ఉన్నది నా మనవరాలో మనవడో. సీసం కలిపి కరిగిస్తున్న ఆ మట్టిమూసను పక్కకు నెట్టి, వేరే మూసలో ఒట్టి తగరం కరిగించాను. చేతులు పీకినా గిన్నెంతా పూశాను. అందులో పులిహోర చేస్తే కూతురు రెండుసార్లు వడ్డించుకుంది.

మరునాడు, అంతకుముందు నేను కళాయి వేసిన ఇళ్లన్నీ తిరిగి, గిన్నెలు వెనక్కి అడిగాను. అంగడి శెట్టి భార్య నవ్వింది.

"ఏమక్కా, అడక్కుండానే మళ్లా ఏస్తానంటాండావు, మొక్కుబడా?"

"అట్లనే అనుకో తల్లీ. ఈసారి నునుపు తగ్గుతాది, తిట్టొద్దు."

ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆనాడు కడుపులో ఉన్న పిల్లే.

"అవ్వా, ఆపొద్దు పులిహోర నేనెక్కువ తిన్యానా, అమ్మ తినిందా?"

"రాసింది చాలు, పోయి గిన్నె కడుగు. మళ్లా పులిహోర ఒండల్ల."