నెప్ట్యూన్ మొగిలమ్మ

మొగిలమ్మ ఇల్లు నెప్ట్యూన్ అయ్యేనాటికి ఆమెకు అరవై ఏళ్లు. 1979లో, హసన్‌పర్తి దగ్గరి మా ఊళ్లో, వీరభద్రం సారు గ్రహాల పాఠం చెప్పడానికి బడిగంటను సూర్యుడన్నాడు. పది అంగలకు భూమి. మేం లెక్కబెడుతూ నడిస్తే మూడువందల అంగలకు నెప్ట్యూన్ వెళ్లి మొగిలమ్మ బర్రెల కొట్టంలో పడింది. ప్లూటో చెరువులో పడేట్టుంది కాబట్టి సారు దాన్ని వదిలేశాడు.

"ఏంది సారూ, నా కొట్టంల ఏం పోయింది?" అంది మొగిలమ్మ.

"ఏం పోలేదవ్వా. గిది నెప్ట్యూన్. సూర్యునికి శానా దూరం. మస్తు చలి."

"నిజమే. గీ మూలకు ఎండ రాదు, ఎవ్వలు రారు."

ఎలాగూ వచ్చాం కదా అని సారు జీవుల ఆవాసాల పాఠం కూడా అక్కడే కానిచ్చాడు. బర్రె ఉండేది కొట్టంలో, బల్లి ఉండేది దూలం మీద.

పరీక్షలో నెప్ట్యూన్ మీద జీవులున్నాయా అని అడిగితే నాతో సహా ముప్పైమందీ ఒకటే రాశాం: రెండు బర్రెలు, ఒక బల్లి, మొగిలమ్మవ్వ. అందరికీ సున్నా. తర్వాతి ఏళ్ల పిల్లలకూ అంతే. అయినా సారు చోటు మార్చలేదు. పాఠం ఎప్పుడో ముందే కనుక్కుని, ముసలామె కడవెడు మజ్జిగ చేసి ఉంచేది.

1988లో మొగిలమ్మ చనిపోయింది. బర్రెలను ఎవరో తోలుకుపోయారు. ఆ ఏడాది పిల్లలంతా, నెప్ట్యూన్ మీద ఎవరూ లేరని రాశారు.

సారు అందరికీ పూర్తి మార్కులు వేయాల్సి వచ్చింది.